క్లయింటు గుట్టు ఫోనులో విప్పించే ప్లీడర్లకు

విశాఖపట్నం కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాదులందరికీ నమస్కారం.

నేను టెలిఫోన్ శాఖలో, వేరే ఊళ్లకి ఫోన్లు కలిపే ట్రంక్ ఆపరేటరుగా చేసి రిటైరైనదాన్ని. మా చెల్లెలి కూతురి భరణం కేసుకి తోడుగా కోర్టుకి వస్తుంటాను. వాయిదా పిలిచేదాకా వరండాలో కూర్చున్నవాళ్లకి చెవులకే పని. మొన్న ఒక ప్లీడరు గారు ఫైళ్ల కట్ట చంకలో పెట్టుకుని, ఫోన్ని నోటి ముందు అప్పడంలా పట్టుకుని స్పీకరులో మాట్లాడుతున్నారు. అటునుంచి ఒక ఆడమనిషి గొంతు. బంగారం ఎవరింట్లో పెట్టిందో, పిల్లల్ని తీసుకుని ఏ రోజున పుట్టింటికి బయల్దేరుతుందో, ఆ సంగతి అత్తవారికి ఇంకా తెలీదనీ వరసగా చెప్పుకుపోతోంది. టీ కుర్రాడు విన్నాడు, నేను విన్నాను, నా పక్కన బెంచీ మీద పేపరు చదువుతున్నాయన కూడా పేపరు మడిచి మరీ విన్నాడు. ఆయన ఎవరి తాలూకో దేవుడికెరుక.

స్పీకరు సంగతి చిన్నది, ఆపేస్తే పోతుంది. నేను రాయాలనుకున్నది దాని వెనకున్న సంగతి. స్పీకరు ఆపి, చెవికి ఆనించి, గోడ పక్కకెళ్లి గుసగుసగా మాట్లాడినా ఆ మామూలు ఫోన్ కాల్ మీ ఇద్దరి మధ్యే ఉండదు. ఈ మాట మీలో ఒకరితో అంటే, "నా దగ్గర దాచుకోడానికేముందమ్మా" అని నవ్వారు. మీ దగ్గరేమీ లేకపోవచ్చు. ఆ గుట్టు క్లయింటుది కదండీ, మీరు నవ్వేస్తే ఎలా?

ఎవిడెన్స్ యాక్టు 126వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి దాని చోట అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్, క్లయింటు మీకు చెప్పింది ఆయన అనుమతి లేకుండా బయటపెట్టొద్దంటాయి. 126ని పరోక్షంగా కూడా ఉల్లంఘించకూడదని బార్ కౌన్సిల్ నియమాల్లోనూ ఉంది. మీకివి నేను చెప్పాలా! కానీ ఆ సెక్షన్ మీ నోటికి కాపలా పెట్టింది. మధ్యలో విన్నవాడి నోటికి ఎవరు కాపలా? పెదవి దాటితే పృథివి దాటుతుందని మా అమ్మమ్మ అనేది. ఆవిడ ఎప్పుడూ ఫోనులో మాట్లాడలేదు.

మధ్యలో వినడం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. మా రోజుల్లో ట్రంక్ కాల్ బుక్ చేస్తే ఆర్డినరీయా, అర్జెంటా, లైట్నింగా అని అడిగి టికెట్ రాసేవాళ్లం. లైను దొరికాక రెండు కార్డులు గుచ్చి ఇద్దర్నీ కలిపేవాళ్లం. కలిశారో లేదో తెలియాలంటే కీ తెరిచి వినాలి. మూడు నిమిషాలు కాగానే మళ్లీ కీ తెరిచి "త్రీ మినిట్స్ ఓవర్, పొడిగించమంటారా" అని అడగాలి. ఆ రెండు సార్లలో చెవిన పడేది పడుతుంది. చావు కబుర్లు, పెళ్లి బేరాలు, కలకత్తాలో సరుకు ధర ఎంత పలికిందో, అన్నీ. విన్నది బయట చెప్పకూడదన్నది శాఖ నియమం, మేం పాటించాం. అయితే మాట దాగిందంటే అది మా మంచితనం వల్లే గానీ ఆ తీగలో ఏ రక్షణా లేదు. ఎక్సేంజిలో ఊళ్లోని ప్రతి ఇంటి తాలూకు రెండు తీగలూ ఒక పెద్ద ఫ్రేము మీదికొచ్చి చేరేవి. టెస్టు ఫోను క్లిప్పులు రెండూ వాటికి తగిలిస్తే చాలు, ఆ ఇంట్లోవాళ్లు అన్నం తిన్నారో లేదో కూడా తెలిసిపోయేది.

ఇప్పుడంతా డిజిటల్ కదా అంటారు. నిజమే, బోర్డు పోయింది, కీ పోలేదు. మీ సెల్‌ఫోను నుంచి టవరు దాకా గాలిలో వెళ్లే మాట ఎన్‌క్రిప్ట్ అయ్యే, అంటే మధ్యలో విన్నవాడికి అర్థం కాని అంకెలుగా మారే వెళ్తుంది. ఆ గాలిలో రక్షణ కూడా ఒకేలా లేదు. 2జీ కోసం 1980లలో తయారైన ఎ5/1 అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిని ఛేదించే దారి 2009 చివర్లో పరిశోధకులు బహిరంగంగా చూపించేశారు. 4జీ వాయిస్ కాల్‌కి గాలిలో అంతకంటే చాలా గట్టి రక్షణ ఉంది. అయితే ఆ రక్షణ టవరు దాటి కంపెనీ నెట్‌వర్కులోకి రాగానే విప్పేస్తారు. అక్కడ మీ మాట మామూలు మాటే. అక్కడ ప్రభుత్వం వినడానికి కంపెనీలు ఏర్పాటు చేసి ఉంచాలని లైసెన్సు షరతు కూడా. అంటే పోలీసులు అందరివీ వింటున్నారని నేననడం లేదు. వాళ్లకంత తీరికెక్కడిది? వినడానికి తలుపు పెట్టాక, దానిలోంచి ఎవరు దూరతారో తలుపు పెట్టినవాడి చేతిలో ఉండదని మాత్రం అంటున్నాను.

గ్రీసులో జరిగింది చూడండి. 2004 ఆగస్టు నుంచి 2005 మార్చి దాకా ఆ దేశ ప్రధాని కోస్టాస్ కరమన్లిస్‌తో సహా నూరుమందికి పైగా ప్రముఖుల సెల్‌ఫోన్లను ఎవరో విన్నారు. వొడాఫోన్ గ్రీస్ వాడిన ఎరిక్సన్ ఎక్సేంజిల్లో చట్టబద్ధమైన నిఘా కోసం పెట్టిన సదుపాయం ముందే ఉంది. దాన్ని నడిపించే సాఫ్ట్‌వేరును కంపెనీ అప్పటికి కొననే లేదు. చొరబడినవాళ్లు దొంగ సాఫ్ట్‌వేరు ఎక్కించి ఆ సదుపాయాన్నే వాడుకున్నారు. నిన్నగాక మొన్న 2024లో, సాల్ట్ టైఫూన్ అని పేరుపెట్టిన చైనా హ్యాకర్ల ముఠా అమెరికా టెలికాం కంపెనీల్లోకి దూరింది. కోర్టు ఉత్తర్వుల మీద ఫోన్లు వినడానికి పెట్టుకున్న వ్యవస్థల దాకా చేరిందని తేలింది. ఏళ్ల తరబడి ఎన్‌క్రిప్షన్ వల్ల దర్యాప్తులు ఆగిపోతున్నాయని గోల చేసిన అమెరికా ప్రభుత్వమే ఆ డిసెంబరులో పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లతో, ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉన్న, అంటే మధ్యలో ఎవరికీ మాట అర్థం కాని యాప్‌లోనే మాట్లాడండి అని చెప్పాల్సొచ్చింది.

మన చట్టం సంగతి మీకే బాగా తెలుసు గనక క్లుప్తంగా రాస్తాను. ఫోన్లు వినే అధికారం ప్రభుత్వానికిచ్చిన 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం 5(2) సెక్షన్ మీద 1996 డిసెంబరులో, పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో సుప్రీం కోర్టు తీర్పిచ్చింది. ఫోనులో మాట్లాడుకోవడం వ్యక్తిగత గోప్యతలో భాగమంది. వినాలంటే హోం సెక్రటరీ ఉత్తర్వుండాలనీ, అది రెండు నెలలకే చెల్లుతుందనీ, పొడిగించినా ఆరు నెలలు దాటకూడదనీ కట్టడి చేసింది. 2007లో ఆ కట్టడితోనే టెలిగ్రాఫ్ నియమాల్లో 419-ఎ వచ్చింది. ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం, దాని కింద 2024 డిసెంబరు నియమాలు. నాకు అర్థమైనంతలో వీటన్నిటిలోనూ లోటు ఒక్కచోటే ఉంది. ఉత్తర్వు ఇచ్చేది సెక్రటరీ, అది సరైనదో కాదో చూసే కమిటీలోనూ సెక్రటరీలే. జడ్జి ఎక్కడా కనబడరు. పైగా ఎవరి ఫోను విన్నారో ఆ మనిషికి ఆ తర్వాతైనా ఒక కాగితం ముక్క పంపాలన్న నియమం లేదు. ఉత్తర్వు ఉందనే తెలియనప్పుడు దాని మీద రిట్ ఎవరు వేస్తారు? మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు 2015లో మా ఫోన్లు మీరు విన్నారంటే మావి మీరు విన్నారని పోట్లాడుకున్నాయి. 2024లో హైదరాబాదులో ట్యాపింగ్ మీద కేసే నమోదైంది. ముఖ్యమంత్రుల స్థాయిలోనే ఆ అనుమానం తీరకపోతే, చెక్ బౌన్స్ కేసులో తిరిగే గాజువాక కిరాణా వ్యాపారికి ఏం భరోసా?

కాబట్టి మాట మన ఫోనులోంచి బయల్దేరే ముందే ఎన్‌క్రిప్ట్ కావాలి, అవతలి ఫోనులోకి వెళ్లాకే విడాలి. మధ్యలో ఉన్న కంపెనీకి, నాలాంటి ఆపరేటరుకి, చొరబడ్డ దొంగకి అర్థంలేని అంకెలు తప్ప ఏమీ దక్కకూడదు. ఎండ్ టు ఎండ్ అంటే ఇంతే. దీనికి మూలమైన లెక్క 1976లో డిఫీ, హెల్‌మన్ అనే ఇద్దరు ప్రకటించారు. ముందెప్పుడూ కలుసుకోని ఇద్దరు, అందరూ వింటున్న లైను మీదే కొన్ని అంకెలు ఇచ్చిపుచ్చుకుని, వినేవాళ్లకి తెలియని ఒక రహస్య సంఖ్యకి చేరుకోవచ్చని చూపించారు. మా అబ్బాయి కాగితం మీద చిన్న అంకెలతో చేసి చూపిస్తే గానీ నేను నమ్మలేదు. ట్రంక్ బోర్డు ముందు కూర్చున్న మనిషికి అది గారడీలాగే కనబడుతుంది.

ఫోన్ మాటలకి దీన్ని చక్కగా కుదిర్చినవాళ్లలో ఫిల్ జిమ్మర్‌మన్ ఒకరు. 1991లో పీజీపీ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రాం రాసి జనానికిచ్చినందుకు అమెరికా ప్రభుత్వం ఆయన మీద ఆయుధాల ఎగుమతి చట్టం కింద క్రిమినల్ దర్యాప్తు పెట్టి, 1996లో వదిలేసింది. ఆయన ఆ తర్వాత తయారుచేసిన జెడ్‌ఆర్‌టీపీ పద్ధతిలో కాల్ కలవగానే రెండు ఫోన్ల మీదా ఒకే చిన్న సంకేతం కనబడుతుంది. ఇద్దరూ దాన్ని పైకి చదివి సరిచూసుకుంటారు. మధ్యలో ఎవడైనా దూరి ఇద్దరితోనూ విడివిడిగా కలిసుంటే సంకేతాలు రెండు చోట్లా వేరువేరుగా వస్తాయి. దీనికి కావలసిందల్లా అవతలి గొంతు గుర్తుపట్టడం, అది మనుషులకి బాగా వచ్చిన విద్యే.

మీ క్లయింట్లకి జెడ్‌ఆర్‌టీపీ అక్కర్లేదు. వాట్సాప్ అందరి దగ్గరా ఉంది. అందులో కాల్స్‌తో సహా అన్నిటికీ 2016 ఏప్రిల్ నాటికే ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ వచ్చేసింది. సిగ్నల్ యాప్ ఇంకా మేలు, ఎందుకో తర్వాత చెబుతాను. మీరు చేయాల్సిన పని ఒకటే. క్లయింటు వకాలత్ మీద సంతకం పెట్టడానికి మీ ఎదురుగా కూర్చుంటారు చూడండి, అప్పుడే రెండు ఫోన్లూ బయటికి తీయించండి. వాట్సాప్‌లో క్లయింటు పేరు మీద నొక్కి కిందికి జరిపితే ఎన్‌క్రిప్షన్ అని ఉంటుంది. దాన్ని నొక్కితే ఒక క్యూఆర్ కోడు, దాని కింద 60 అంకెలు, అయిదేసి చొప్పున 12 గుంపులు వస్తాయి. క్లయింటు ఫోనులోనూ అవే అంకెలు రావాలి. ఒక ఫోనుతో రెండోదాని కోడు స్కాన్ చేస్తే సరిపోతుంది, అరనిమిషం పని. స్కాన్ కుదరకపోతే మీ గుమాస్తా గారు రిజిస్ట్రేషన్ దస్తావేజు చదివినట్టు గుంపు గుంపుగా చదువుతారు, ఆమె తన ఫోనులో చూసుకుంటుంది. సెట్టింగుల్లో సెక్యూరిటీ నోటిఫికేషన్లు కూడా ఆన్ చేసుకోండి. రేపు ఆమె సెక్యూరిటీ కోడు మారిందని మీకు కబురొస్తే, ఆమె కొత్త ఫోను కొని ఉండొచ్చు, లేదా ఆమె సిమ్ము ఇంకొకరి చేతికి పోయి ఉండొచ్చు. ఏదో కనుక్కునేదాకా కేసు సంగతులు ఎత్తకండి.

ఇక దీనివల్ల దాగనివి కూడా చెప్పాలి, లేకపోతే నేను కూడా యాప్ అమ్మేవాళ్ల పద్దులోకి పోతాను. మేం రాసిన ట్రంక్ టికెట్ గుర్తుందా? ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు. మాట వినకపోయినా ఆ టికెట్ల కట్ట చూస్తే చాలు, ఊళ్లో ఎవరికి ఎవరితో ఏం నడుస్తోందో తెలిసిపోయేది. ఇప్పుడు దాన్నే మీరు సీడీఆర్ అంటారు, హత్య కేసుల్లో మీరే అడిగి తెప్పిస్తారు. 2021 డిసెంబరు నుంచి కంపెనీలు వాటిని కనీసం రెండేళ్లు దాచాలి. ఎన్‌క్రిప్షన్ మాటని దాస్తుంది, టికెట్‌ని దాచదు. వాట్సాప్ కాల్ సీడీఆర్‌లో మామూలు కాల్ లాగా పడదు గానీ, ఎవరు ఎవరితో మాట్లాడారన్నది ఆ కంపెనీకి తెలుస్తుంది. సిగ్నల్ మేలన్నది ఇందుకే. 2016లో అమెరికాలో ఒక గ్రాండ్ జ్యూరీ సమన్లు పంపితే వాళ్లు ఇవ్వగలిగింది ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు కనెక్టయ్యారు అన్న రెండే. వాళ్ల దగ్గర అంతకు మించి ఉంచుకోలేదు.

ఫోనే చేతిలోంచి పోతే ఏ లెక్కా కాపాడదు. పెగాసస్ లాంటి గూఢచారి సాఫ్ట్‌వేర్లు ఫోన్ లోపలే కూర్చుంటాయి. 2021 అక్టోబరు 27న జస్టిస్ ఎన్.వి.రమణ ధర్మాసనం ఆ వ్యవహారం మీద నిపుణుల కమిటీ వేసింది కూడా. కానీ భరణం కేసులో వచ్చే ఆడపిల్లకి పెగాసస్ కంటే మొగుడే దగ్గర. ఆమె వాట్సాప్ తన కంప్యూటరులోకి లింక్ చేసుకున్నాడేమో, ఫోనులో కాల్ రికార్డరు పెట్టాడేమో చూడాలి. లింక్డ్ డివైసెస్ అన్నచోట తెలియని పేరుంటే మొదట అది తీయించండి. భార్య ఫోన్ సంభాషణలు ఆమెకి తెలియకుండా రికార్డు చేయడం ఆమె గోప్యతకి భంగమని రాయల భువనేశ్వరి కేసులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టే చెప్పింది. 2025 జూలై 14న సుప్రీం కోర్టు విభోర్ గర్గ్ కేసులో, భార్యాభర్తల మధ్య రహస్యంగా చేసిన రికార్డింగు విడాకుల కేసులో సాక్ష్యంగా చెల్లుతుందంది. అది సరైన తీర్పా కాదా అన్నది మీ వాదన. నాకైతే ఇక రికార్డర్లకి గిరాకీ పెరుగుతుందనే అనిపించింది.

ఇంక నౌకాదళం ఉన్న ఊళ్లో ఇలాంటి ఉత్తరం రాయొచ్చా అని అడిగేవాళ్లుంటారు. తూర్పు నౌకాదళ కేంద్రం మన ఊళ్లో ఉంది, రహస్యమంటే ఏమిటో ఇక్కడి చిన్నపిల్లలకి కూడా తెలుసు. 2019 డిసెంబరులో ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్ పేరుతో ఏడుగురు నౌకాదళ సిబ్బందిని పట్టుకున్నారు. సోషల్ మీడియాలో పరిచయమైన ఆడవాళ్ల పేర్ల వలలో పడి సమాచారం ఇచ్చారని పోలీసులు చెప్పారు. అక్కడ కారిపోయింది మనిషి నుంచి. దొంగలూ ఇవే యాప్‌లు వాడుతున్నారు, డిజిటల్ అరెస్టని ముసలివాళ్లని భయపెట్టేవాడు కూడా వీడియో కాల్‌లోనే వస్తున్నాడు, ఒప్పుకుంటాను. ఐతే ఆ మోసంలో బాధితుడు నేరుగా దొంగతోనే మాట్లాడుతున్నాడు. ఆ ఇద్దరి మధ్య ఎన్‌క్రిప్షన్ తీసేస్తే ఆ ముసలాయన డబ్బు ఎలా మిగులుతుంది? మిగిలేది వినేవాడికి మనందరి మాటలు. గూగుల్ 2025 అక్టోబరులో ఇక్కడ 1,500 కోట్ల డాలర్లతో డేటా సెంటర్ పెడతామంది, సముద్రం కింద కేబుళ్లు కూడా మన తీరానికి వస్తాయన్నారు. ఎవరెవరి మాటలో మన ఊరి మీదుగా పోయే రోజులొస్తున్నాయి.

అందుకని మీ దగ్గర నాకింకో పని ఉంది. 2015 సెప్టెంబరులో కేంద్రం ఒక ఎన్‌క్రిప్షన్ విధానం ముసాయిదా పెట్టింది. జనం పంపుకున్న సందేశాల మామూలు ప్రతిని 90 రోజులు దాచి, అడిగితే చూపించాలని అందులో ఉంది. గొడవ కాగానే రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. 2021 ఐటీ నియమాల్లో సందేశం మొదట ఎవరు పంపారో చెప్పాలన్నారు. దాని మీద వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకి వెళ్లి, ఎన్‌క్రిప్షన్ తీయమంటే దేశంలోంచి వెళ్లిపోతామని 2024లో చెప్పింది. ఇలాంటి ముసాయిదా మళ్లీ రాదనుకోవడానికి లేదు. వచ్చినప్పుడు అభ్యంతరాలు పంపడానికి ఇచ్చే గడువు చూస్తుండగానే అయిపోతుంది. అభిప్రాయాలు ఢిల్లీ, బెంగళూరు నుంచే పోతుంటాయి. మీరు కదా వృత్తిరీత్యా గుట్టు కాపాడాల్సినవాళ్లు. విశాఖ న్యాయవాదుల సంతకాలతో ఒక కాగితం ఇప్పుడే రాసిపెట్టుకోండి. లాయరుకీ క్లయింటుకీ మధ్య మాట మధ్యలో విప్పే వీలు ఎవరికీ ఉండకూడదన్న ఒక్క ముక్క అందులో ఉంటే చాలు.

పాడేరు, అరకు నుంచి బస్సెక్కి వచ్చే క్లయింట్ల చేతిలో కీప్యాడ్ ఫోనే ఉంటుంది, అందులో ఈ యాప్‌లేవీ రావు. వాళ్లతో ఫోనులో వాయిదా తేదీ ఒక్కటే చెప్పండి. మిగతాది వాళ్లు ఆఫీసుకొచ్చినప్పుడు, గుమాస్తాని టీకి పంపి, తలుపు వేసి అడగండి. అందుకోసమని వాళ్లని ఇంకో ట్రిప్పు తిప్పకుండా, వాయిదా రోజు ఒక గంట ముందు రమ్మనండి.

ఆ 60 అంకెల వ్యవహారం చేసి చూపించమంటే నేను సిద్ధం. కేసు వాయిదాలకి ఎలాగూ వస్తూనే ఉంటాను. లంచ్ టైంలో వరండాలో చివరి బెంచీ దగ్గర ఉంటాను, జూనియర్లనీ గుమాస్తాలనీ తీసుకురండి. ఫోన్లలో ఛార్జింగు ఉండేట్టు చూసుకోండి, అక్కడ ప్లగ్గు పనిచేయడం లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ట్రంక్ ఆపరేటరు,
అక్కయ్యపాలెం, విశాఖపట్నం